వైద్యవిద్యకు సిద్ధపడే మన పిల్లలతో కొన్ని మాటలు

(డయాసిస్ శతవార్షికోత్సవముల సందర్భముగా జరిగిన విద్యార్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము నాకు ఇచ్చిన అంశము "వైద్యవిద్య - మన యువత". ఈ కూటములో ఇంటర్మీడియెట్ బైపీసీ చదివేవారు ఉన్నారు. లాంగ్‌టర్మ్ కోచింగులో రెండవసారి, మూడవసారి నీట్ పరీక్షకు కూర్చునేవారు ఉన్నారు. ఇప్పటికే ఎంబీబీఎస్‌లో, బీడీఎస్‌లో చేరిన అన్నలు, అక్కలు కూడ ఉన్నారు. మీరందరు బాగా చదివే పిల్లలు. మీ మార్కులను గూర్చి మీ తల్లిదండ్రులు నాకు ఆదివారము ఆరాధన కాగానే చెప్పుచుంటారు. కాబట్టి చదవండి అని నేను మీకు చెప్పనవసరము లేదు. చదువుచున్నది ఎందుకు, ఎవరి కొరకు అనే సంగతి మాత్రము కొంచెము ఆలోచించుదము.

మొదట మన కండ్లముందు జరిగిన మార్పును చూడండి. నేను చదువుకొనే దినములలో డాక్టరు చదువు అంటే హైదరాబాదు ఉస్మానియా, గాంధీ, లేదా వరంగల్ కాకతీయ అని చెప్పుకొనేవారు. మన రెండు జిల్లాలలో వైద్య కళాశాల అనే మాటే లేదు. 1999లో నార్కట్‌పల్లిలోను మహబూబ్‌నగర్‌లోను ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చినవి. ఆ రెండు చోట్లనే దంతవైద్య కళాశాలలు కూడ వెలిసినవి. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో మొదలైనది. 2019లో నల్లగొండకు, సూర్యాపేటకు వచ్చినవి. అదే సంవత్సరము బీబీనగర్‌లో ఎయిమ్స్ మొదటి యాభైమంది విద్యార్థులతో తరగతులు ఆరంభించినది. 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తి. 2024లో నారాయణపేట, గద్వాల, యాదాద్రి. కూలి పనికి బొంబాయి, పూణేలకు బస్సెక్కిన పాలమూరులో ఇప్పుడు ఊరికి గంట ప్రయాణములో వైద్య కళాశాల ఉన్నది. మన తాతలు దీనిని కలగని ఉండరు.

దీని వెనుక మరొక కథ కలదు. 1971లో మన నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైనది. పల్లెటూరి పేద పిల్లవాడిని ఒకచోట ఉంచి, అన్నము పెట్టి, మంచి పంతుళ్ళతో చెప్పించితే వాడు ఎవరికీ తీసిపోడని సర్వేలు చూపించినది. తరువాత వచ్చిన గురుకులములన్నీ ఆ దారినే నడిచినవి. ఈ దినము సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివి, తల్లి కూలికి పోవుచుండగా కొడుకు తెల్లకోటు వేసికొన్న ఇండ్లు మన సంఘములలోనే ఉన్నవి. దీనికి దేవునికి స్తోత్రము చెల్లించుదము. ప్రభుత్వమునకు, పంతుళ్ళకు కూడ కృతజ్ఞత చెప్పుదము.

అయితే సీట్లు పెరిగిన కొద్దీ పోటీ కూడ పెరిగినది. 2024లో దేశమంతట 23 లక్షలకు పైగా పిల్లలు నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెము పైన. అంటే సుమారు ఇరవై మందిలో ఒకరికి సీటు. 720 మార్కులు. సరియైన జవాబుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఆ ఒక్క మధ్యాహ్నము కొరకు రెండేళ్ళు, మూడేళ్ళు ఒక గదిలో గడుపుచున్నారు. మీ కష్టమును నేను తక్కువ చేయను. కాని ఆ పరీక్ష అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని మన నేల అడుగుచున్నది. ఆ ప్రశ్నను మీ ముందు పెట్టుటకే నేను నిలువబడినాను.

నేల అడిగే ప్రశ్న

మన జిల్లా పేరు ప్రపంచ వైద్యగ్రంథములలో ఉన్నది. అది మనకు గర్వకారణము కాదు. 1937లో నెల్లూరు ప్రాంతములో ఫ్లోరోసిస్ జబ్బును మన దేశములో మొదట గుర్తించి వ్రాశారు. 1955లో హైదరాబాదు డాక్టరు సిద్దిఖీగారు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆ నాటి నుండి నల్లగొండ అంటే వంగిన నడుము, బిగిసిన మెడ, దగ్గరపడిన మోకాళ్ళు అని లోకము ఎరిగినది.

కారణము మీకు తెలిసినదే. మన క్రింద నల్లరాయి, గ్రానైటు. ఆ రాళ్ళలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజములు ఉన్నవి. నేలలోని నీరు వాటిని కరగదీసికొని వచ్చును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోర్లలో దానికి అనేక రెట్లు కనబడినది. పక్కనే కృష్ణ పారుచున్నది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కాని కాలువ పల్లానికి పోవును, మనది మెరక. నది ఒడ్డు జిల్లాలో పుట్టిన బిడ్డ బోరింగు నీళ్ళు త్రాగి పెరిగినాడు.

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి తయారుచేశారు. దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు. ఆ పేరుతోనే ఇతర దేశములలో కూడ వాడుచున్నారు. అయినను ప్రతి ఇంటా దినదినము అది జరుపుట కష్టమైనది. మంచినీళ్ళ కొరకు ప్రజలు ఎంత విసిగినారో చూడండి: 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది పోటీ చేశారు. తమ బాధ ఢిల్లీకి వినబడవలెనని సామాన్యులు నామినేషన్లు వేశారు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథతో కృష్ణా నీరు శుద్ధియై నల్లాలలో ఈ గ్రామములకు చేరినది. ఇది పెద్ద మేలు.

ఇప్పుడు వైద్య విద్యార్థులు చెవియొగ్గి వినవలసిన సంగతి ఒకటి. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌కు మందు లేదు. మంచి నీరు, మంచి తిండి, ముందు జాగ్రత్త మాత్రమే ఉన్నవి. ఎంత పెద్ద సర్జను వచ్చినను ఆ నడుమును మునుపటి వలె చేయలేడు. కాబట్టి ఈ జబ్బు ఆస్పత్రి మంచము దగ్గర ఓడింపబడేది కాదు. ఊరిలో, బావి దగ్గర, బడిలో ఓడింపబడవలెను. దానిని ముందుగా చూపించేది ఏమిటి? పళ్ళు.

పళ్ళ సాక్ష్యము

మన వాళ్ళు "గార పళ్ళు" అంటారు. పిల్లవాని చిగుళ్ళలో శాశ్వత దంతములు తయారగుచున్న కాలములో, అనగా పుట్టినది మొదలు ఏడెనిమిది ఏండ్ల వరకు, ఫ్లోరైడు ఎక్కువైతే పంటిపై పింగాణి సరిగా ఏర్పడదు. సుద్ద మచ్చలు, పసుపు గీతలు, తరువాత గోధుమ రంగు. ఒకసారి పన్ను బయటికి వచ్చిన తరువాత ఆ గుర్తు తనంతట తాను పోదు. పెద్దయిన తరువాత ఎంత చెడ్డ నీరు త్రాగినా పండ్లకు ఆ గుర్తు క్రొత్తగా రాదు. అంటే ఒక మనిషి చిన్నతనములో ఏ నీరు త్రాగినాడో అతని నోరే సాక్ష్యము చెప్పును. ఎముకలు ఎన్నో ఏండ్లకు చెప్పే సంగతి పళ్ళు ఏడవ ఏటనే చెప్పును.

ఈ సంగతిని లోకమునకు తెలియజేసినది ఎవరు? ఒక పళ్ళ డాక్టరు. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే యువకుడు అప్పుడే చదువు ముగించి అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరిలో వైద్యము మొదలుపెట్టినాడు. ఆ ఊరి పిల్లల పళ్ళు గోధుమ రంగు. పుస్తకములలో ఆ జబ్బు లేదు. ఊరివారికి అది అలవాటైపోయినది. ఆయన మాత్రము విడువలేదు. ఊరూరా తిరిగి నోళ్ళు చూచినాడు. 1923లో ఐడాహో రాష్ట్రములో ఓక్లీ అనే ఊరిలో, క్రొత్తగా ఒక ఊట నుండి గొట్టము వేసిన తరువాతనే పిల్లలకు మచ్చలు వచ్చినవని తల్లిదండ్రులు చెప్పగా, నీటి పరీక్షలో ఏమియు కనబడకపోయినను, ఆ గొట్టము మానివేసి వేరే ఊట నీరు త్రాగుడని చెప్పినాడు. కొన్ని ఏండ్లకు చిన్న పిల్లలకు తెల్లని పళ్ళు వచ్చినవి. నీటిలోని ఆ వస్తువు ఫ్లోరైడు అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ముప్పది ఏండ్ల పని! ఆయనకు పెద్ద యంత్రములు లేవు. అందరు చూచి ఊరకున్న దానిని ఆయన చూచి ఊరకుండలేదు.

ఇది ఎందుకు చెప్పుచున్నాను? మన ఇండ్లలో బీడీఎస్ అంటే రెండవ బహుమతి. "ఎంబీబీఎస్ రాలేదట, పాపము, బీడీఎస్‌లో చేరినది" అని సంతాపము తెలిపినట్లు మాట్లాడుదురు. మా సంఘములో ఒక అమ్మాయి ఉన్నది. మర్రిగూడ వైపు ఊరు. తల్లికి ఆ నీళ్ళ గుర్తు పళ్ళమీద ఉన్నది. నవ్వు వస్తే కొంగు నోటికి అడ్డము పెట్టుకొనును. అమ్మాయికి నీట్‌లో వచ్చిన ర్యాంకుకు బీడీఎస్ సీటు వచ్చినది. తండ్రి ఇంకొక ఏడాది లాంగ్‌టర్మ్ పంపుదునన్నాడు. ఎకరము పొలము బేరము కూడ పెట్టినాడు. ఇద్దరు కలిసి నా దగ్గరికి వచ్చినారు.

"అయ్యగారూ, ఇంకొక్క ఏడాది కూసుంటే ఎంబీబీఎస్ వస్తదంటరా?" అని తండ్రి అడిగినాడు.

"అది నాకు తెల్వదయ్యా. బిడ్డ ఏమంటున్నది?" అన్నాను.

ఆ అమ్మాయి తలవంచుకొని, "అమ్మ నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోకుండ చేయాలని ఉన్నది అయ్యగారూ. గది పళ్ళ డాక్టరు పనే గద" అన్నది.

తండ్రి చాలసేపు మాట్లాడలేదు. పొలము అమ్మలేదు. ఆ బిడ్డ ఇప్పుడు బీడీఎస్ మూడవ సంవత్సరము చదువుచున్నది. అందరు ఇట్లే చేయవలెనని నేను చెప్పను. ఎంబీబీఎస్ కొరకే మరల ప్రయత్నించి సాధించినవారు ఉన్నారు. వారిది తప్పు కాదు. కాని ఆ బిడ్డ ర్యాంకు కార్డు వైపు కాక తల్లి ముఖము వైపు చూచి తన చదువు ఎంచుకొన్నది. ఆ చూపు ఉన్నవారు ఏ కోర్సులో చేరినా వైద్యులే. అది లేనివారికి ఏ డిగ్రీ వచ్చినా లోటే.

ఇంకొక సంగతి. కృష్ణా నీరు ఇండ్లకు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు ఇప్పుడిప్పుడే పాలపళ్ళు ఊడి శాశ్వత దంతములు వచ్చుచున్నవి. నల్లా నీరు నిజముగా పని చేసినదా, నల్లా రాని దినమున తల్లి మరల బోరింగు నీళ్ళే పట్టినదా అనేది కాగితములమీది లెక్క కాదు, ఆ పిల్లల నోళ్ళు చెప్పును. ఆ నోళ్ళు ఎవరు చూచెదరు? ఒక అద్దము, ఒక టార్చిలైటు, ఒక నోటు పుస్తకము చాలు. బడులలో కూర్చొని ఏ ఊరిలో ఎంతమందికి మచ్చ ఉన్నది, ఎంతమందికి లేదు అని వ్రాసి పెట్టేవారు కావలెను. దంత కళాశాలలు రెండు మన దగ్గరనే ఉన్నవి. ఇది మీ తరము వారి పని. మీ ముందు ఎవరికీ దొరకని పని.

మన ముందు నడిచినవారు

ఈ శతవార్షికోత్సవములలో మిషనరీ డాక్టర్లను స్మరించుచున్నాము. డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ రష్యాలో పుట్టి, అమెరికాలో పెరిగి వైద్యము చదివి, 1907లో మన దేశమునకు వచ్చినది. హైదరాబాదు నుండి పాలమూరు పోయే దారిలోని షంషాబాదులో ఆస్పత్రి నడిపి, 1945లో అక్కడనే కన్నుమూసినది. తరువాత 1950లలో జడ్చర్లలో ఆస్పత్రి వచ్చినది. పురుష డాక్టరు చేత చూపించుకొనుటకు ఒప్పుకోని స్త్రీలకు వెల్లూరులో ఐడా స్కడ్డరమ్మగారు 1900లో చిన్న వైద్యశాల పెట్టి, 1918లో ఆడపిల్లలకే వైద్య పాఠశాల తెరచినది. ఆడపిల్లలు ఈ పరీక్షలు గెలువగలరా అని అనుమానపడినవారి ముందు మొదటి తరగతి పిల్లలు గెలిచి చూపించారు. నేటికిని వెల్లూరు కళాశాలలో సంఘముల తరఫున చేరినవారు చదువు ముగిసిన తరువాత కొంతకాలము అవసరమున్న చోట పనిచేయుదుమని ఒప్పుకొని చేరుదురు.

వీరిని పొగడి ఊరకుంటే లాభము లేదు. వారు దూరదేశము నుండి వచ్చి మన భాష నేర్చుకొన్నారు. మీకు ఆ శ్రమ లేదు. "కడుపుల కుట్టు లేస్తున్నది", "కాళ్ళు గుంజుతున్నయి", "పానం మంచిగ లేదు" అని ముసలమ్మ చెప్పిన వెంటనే మీకు అర్థమగును. ఆ మాట వినగానే నవ్వకుండ, సిగ్గుపడకుండ, అదే మాటలో జవాబు చెప్పగల డాక్టరు ఆ ముసలమ్మకు దొరకుట గొప్ప సంగతి. తెల్లకోటు వేసికొన్న దినము నుండి మన భాషను మరచిపోకండి.

మూడు మనవులు

విద్యార్థులారా, మీకు నా మొదటి మనవి. పరీక్ష తరువాత వచ్చు సెలవులలో ఒక్క వారము మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కూర్చోండి. ఆశా కార్యకర్తతో నాలుగు ఇండ్లు తిరగండి. అడ్డుపడక, ఊరక చూడండి. బయాలజీ పుస్తకములో మీరు బట్టీ పెట్టిన రక్తహీనత, క్షయ, మధుమేహము అక్కడ పేర్లతో, ముఖములతో కనబడును. చదువు ముగిసిన తరువాత కనీసము రెండేండ్లు మన ప్రాంతములో పనిచేయుదుమని ఇప్పుడే మనస్సులో వ్రాసికొనండి. తరువాత అమెరికా పోయినా, లండన్ పోయినా మీ ఇష్టము. బాకీ తీర్చి పొండి. మీ సీటు వెనుక ప్రభుత్వ ధనము ఉన్నది, అంటే ఈ ప్రజల ధనము ఉన్నది. గాయపడినవానిని సత్రములో చేర్చిన సమరయుడు తన సంచిలోనిది తీసి ఇచ్చి, తిరిగి వచ్చెదనని కూడ చెప్పి వెళ్ళినాడు. తిరిగి వచ్చుట ఆ కథలో ముఖ్యభాగము.

రెండవ మనవి తల్లిదండ్రులకు. మీరు పస్తులుండి పిల్లలను చదివించుచున్నారు, అది నాకు తెలుసు. కాని ఇరవై మందిలో ఒకరికి సీటు వచ్చే పరీక్షలో పంతొమ్మిది మందికి రాదు. ఆ పంతొమ్మిది మంది కూడ మన పిల్లలే. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రములో ఇంటర్ ఫలితములు వచ్చిన తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొన్నారు. ఆ దినములను మనము మరువకూడదు. బిడ్డ ఫోను ఎత్తగానే "ఈ వారము టెస్టులో ఎన్ని వచ్చినవి?" అని అడుగక ముందు "తిన్నావా? నిద్ర పడుతున్నదా?" అని అడగండి. బిడ్డ మాటలు తగ్గించినా, తిండి మానినా, బ్రదుకు మీద విసుగు చూపినా తేలికగా తీసికొనవద్దు. ప్రక్కన కూర్చోండి. పాదిరిగారికి చెప్పండి, డాక్టరుకు చూపించండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు; తెలుగులో మాట్లాడుదురు, డబ్బు అడుగరు. మందుల శాస్త్రము, నర్సింగు, ల్యాబు పని, ఫిజియోథెరపీ, పోషకాహార శాస్త్రము - ఇవన్నీ రోగి మంచము చుట్టు నిలిచే పనులే. నీటిని పరీక్షించిన చర్చిల్ డాక్టరు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడు. అతడు లేక మెక్‌కే పని పూర్తి కాలేదు.

మూడవ మనవి సంఘ పెద్దలకు. ర్యాంకు వచ్చిన పిల్లవానికి శాలువ కప్పి ఫోటో తీయుట మనకు బాగా వచ్చును. అది ఒక గంట పని. సీటు రాని పిల్లవాని ఇంటికి ఆ సాయంకాలము వెళ్ళుట మనకు ఇంకను రాలేదు. దానిని నేర్చుకొందము. శతవార్షికోత్సవముల జ్ఞాపకార్థము రాతి పలకలు ఎన్నో వేయుచున్నాము. వాటితో పాటు ప్రతి పాస్టరేటులో రాత్రి పది గంటల వరకు దీపము వెలిగే ఒక చదువుకొనే గది, పాత నీట్ పుస్తకములు ఉంచే ఒక బీరువా పెట్టుదము. బడి పిల్లల పళ్ళు చూచుటకు వచ్చే దంత విద్యార్థులకు మన ప్రార్థన మందిరము వరండా తెరచియుంచుదము. ఖర్చు తక్కువ, ఫలితము ఎక్కువ.

పిల్లలారా, లూకా వైద్యుడైయుండి సువార్త వ్రాసినాడు. రోగుల సంగతులు ఆయన ఎంత జాగ్రత్తగా చూచి వ్రాసినాడో చదివినవారికి తెలియును. మీరును అట్లే జాగ్రత్తగా చూచేవారు కావలెను. ఏ పరీక్షలో ఏ ర్యాంకు వచ్చినను, మన ఊరి బిడ్డ నోరు తెరిపించి, వెలుతురులో చూచి, "అమ్మా, ఏ నీళ్ళు పడుతున్నవు?" అని అడిగే మనస్సు దేవుడు మీకు దయచేయును గాక. మీ చదువులను ఆయన ఆశీర్వదించును గాక.

సెలవు.